రీఫ్ ట్యాంకు పెద్దది చేస్తున్నా: పాత ఇసుక, కొత్త లైటు, ఆల్కలినిటీ సంగతి చెప్పండి

నీలిరాయి:

అందరికీ నమస్తే. నా రీఫ్ ట్యాంకు (ఉప్పునీళ్ళలో పగడాలూ చేపలూ పెంచే అక్వేరియం) 90×45×50 సెంటీమీటర్లది. రాళ్ళూ ఇసుకా పోను నికరంగా 160 లీటర్ల నీళ్ళు పడతాయి. సంప్ (ట్యాంకు కింద ఉండే రెండో తొట్టి) లేదు. వెనక గాజుకి తగిలించే, మురికిని నురగతో తీసే స్కిమ్మర్, నీళ్ళని కదిపే రెండు చిన్న వేవ్‌మేకర్లు, ఒక హీటర్, అంతే. క్లౌన్‌ఫిష్ జంట, రాయల్ గ్రామా, వాచ్‌మన్ గోబీ, దాంతో ఒకే బొరియలో కాపురముండే పిస్టల్ రొయ్య ఉన్నాయి. కోరల్స్‌లో, అంటే పగడాల్లో, టార్చ్, హ్యామర్ అనే రకాలు, ఒక రాయి నిండా జోవాంథిడ్లు, ఎర్ర ప్లేటింగ్ మాంటిపోరా ఒకటి, చిన్న బర్డ్స్‌నెస్ట్ కొమ్మ ఒకటి.

ఇప్పుడు 120×60×55 ట్యాంకు చేయిస్తున్నాను. కింద సంప్ వస్తుంది. ట్యాంకూ సంప్ కలిపి నికరంగా 350 లీటర్ల దాకా ఉంటాయని లెక్క వేశాను. లైటు కూడా కొత్తది, పాతదాని కంటే బాగా పవర్ ఎక్కువ. కొంత పొడి రాయి కూడా తెచ్చి పెట్టుకున్నాను.

అడగాలనుకున్నవి ఇవి. మొత్తం సరంజామా ఒకే రోజులో మార్చేయవచ్చా, లేక కొత్త ట్యాంకుని విడిగా సైకిల్ చేసి (మురికిని అరిగించే బాక్టీరియా పెరిగేదాకా నడిపి) నెమ్మదిగా మార్చాలా? పాత ఇసుకలో బాక్టీరియా బాగా ఉంటుంది కాబట్టి దాన్నే వాడదామనుకుంటున్నా, పర్వాలేదా? కొత్త లైటు ఎంత శాతంతో మొదలుపెట్టాలి?

ఇంకో విషయం. ఆల్కలినిటీ (నీళ్ళలో ఉండే కార్బోనేట్ల మోతాదు) నిలబడటం లేదు. ఆదివారం కొలిచి, తగ్గినంతా సోడా ద్రావణంతో పైకి తెస్తాను. మళ్ళీ ఆదివారానికి కిందకి వచ్చేస్తుంది. కాల్షియం మాత్రం కదలదు. మాంటిపోరా అంచు చుట్టూ తెల్లగా కనిపిస్తోంది, అది చూస్తే టెన్షన్‌గా ఉంది. పెద్ద ట్యాంకైతే నిలకడగా ఉంటుందంటారు కదా, మార్చేస్తే ఈ గొడవ దానంతట అదే సర్దుకుంటుందని నా ఆశ. సర్దుకుంటుందా?

పగడపుదిబ్బ:

నీలిరాయి గారూ, మీరు చివర్లో అడిగినదే అసలు ప్రశ్న, కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను. గాజు పెద్దదైనంత మాత్రాన ఆల్కలినిటీ నిలబడదు. ముందు ఈ 160 లీటర్లలో దాన్ని నిలబెట్టండి, ఆ తర్వాతే మార్చండి. ట్యాంకు మార్పు తట్టుకునే కోరల్ వేరు, అప్పటికే నెలల తరబడి పైకీ కిందకీ ఊగిసలాడి అలసిపోయిన కోరల్ వేరు.

ఎందుకు తగ్గుతుందో చూద్దాం. గట్టి కోరల్ అస్థిపంజరం కాల్షియం కార్బోనేట్. అది కట్టుకోవడానికి నీళ్ళలోంచి కాల్షియాన్నీ ఆల్కలినిటీనీ ఒక నిష్పత్తిలోనే లాక్కుంటుంది. ఆల్కలినిటీ 1 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్) తగ్గితే కాల్షియం తగ్గేది సుమారు 7 పీపీఎం (పది లక్షల్లో 7 వంతులు) మాత్రమే. ఎనిమిదిలో ఒకటి పోతే కళ్ళకి కడుతుంది, 420లో 7 పోతే ఇళ్ళలో వాడే టెస్ట్ కిట్ చాలావరకు పట్టుకోలేదు. అందుకే కాల్షియం కదలడం లేదని మీకు అనిపిస్తోంది. అదీ కదులుతోంది, కాకపోతే కిట్టుకి అందనంత నెమ్మదిగా. కాబట్టి కోరల్స్ ఎంత తింటున్నాయో తెలియాలంటే ఆల్కలినిటీ ఒక్కటి రోజూ ఒకే వేళకి కొలిస్తే చాలు.

ఇక తెల్ల అంచు. దీనికి రెండు అర్థాలున్నాయి, ఒకటి శుభవార్త, ఇంకోటి కాదు. ట్యాంకు లైట్లు ఆపేసి, చేతి టార్చి పక్కనుంచి వేసి, భూతద్దంతో చూడండి. పెరుగుతున్న అంచైతే గోరు చివరి తెలుపంత సన్నగా, చుట్టూ ఒకే వెడల్పుతో ఉంటుంది. దానిమీద పలచని చర్మం మెరుస్తూ కనిపిస్తుంది, వెనకే చిన్న చిన్న పాలిప్‌లు తెరుచుకుని ఉంటాయి, నాచు అంటదు. కాలిన అంచైతే ఒకచోట వెడల్పుగా ఒకచోట సన్నగా వంకరటింకరగా ఉంటుంది. చర్మం వెనక్కి పోయి, గరుకుగా ఉండే ఉత్త ఎముక బయటపడుతుంది. నాలుగైదు రోజుల్లోనే దాని మీద ఆకుపచ్చగానో గోధుమరంగుగానో నాచు కూర్చుంటుంది. నాచు కూర్చుందంటే ఇక అనుమానం అక్కర్లేదు. బర్డ్స్‌నెస్ట్ కొమ్మ చివర్లు కూడా ఇలాగే చూడండి. పెరిగే కొన తెల్లగానే ఉంటుంది, కంగారు పడకండి, చర్మం ఉందా లేదా అన్నదే చూడాల్సింది.

కాలిన అంచులు మామూలుగా ఎక్కడ చూస్తామంటే, నైట్రేటూ ఫాస్ఫేటూ సున్నా దగ్గర ఉన్న ట్యాంకులో ఆల్కలినిటీని ఒక్కసారిగా పైకి లేపినప్పుడు. తిండి తక్కువగా ఉన్న కోరల్‌ని వేగంగా ఎముక కట్టమని తరిమినట్టవుతుంది. అదే 9 డీకేహెచ్ తిండి బాగా ఉన్న ట్యాంకులో ఏ ఇబ్బందీ పెట్టదు. సముద్రంలో 7 దగ్గర ఉంటుంది. రీఫ్ ట్యాంకుల్లో 7 నుంచి 11 దాకా ఎక్కడ ఉంచినా నడుస్తుంది. ఏ అంకె అన్నది కాదు, ఆ అంకె మీద నిలుస్తోందా అన్నదే నేను పట్టించుకుంటాను.

పాత ఇసుక మాత్రం వద్దు. ఇసుకని కదపనంత కాలం దాని అడుగున పేరుకున్న మురికి అక్కడే ఉంటుంది. కెలికితే ఆ మురికంతా, దాంతో పాటు అమ్మోనియా, గాలి అందని చోట్ల నల్లబడి ఉంటే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఒక్కసారే నీళ్ళలోకి వస్తాయి. బాక్టీరియా కోసం ఇసుకే కావాలని లేదు, మీ రాళ్ళలో కావలసినంత ఉంది. ఆ చేపలకి ఆ రాళ్ళే ఇప్పటిదాకా సరిపోయాయి, కొత్త ట్యాంకులో చేపలు పెరగనంత వరకు అవే సరిపోతాయి. అందుకే విడిగా సైకిల్ చేయాల్సిన పని కూడా లేదు, ఒకే రోజు మార్చవచ్చు. పొడి రాయి మాత్రం ఇప్పటినుంచే ఒక డ్రమ్ములో ఉప్పునీళ్ళు, పంపు, హీటర్ పెట్టి నానబెట్టండి. కాస్త అమ్మోనియా ఆధారం ఇచ్చి, ఆ అమ్మోనియా, నైట్రైట్ రెండూ తనంతట సున్నాకి వచ్చేదాకా ఆగండి.

నాకు కొన్ని అంకెలు కావాలి. ఆదివారం సోడా పోయకముందు ఎంత, పోశాక ఎంత? నైట్రేట్, ఫాస్ఫేట్, మెగ్నీషియం? రోజుకి ఎన్ని నీళ్ళు ఆవిరవుతున్నాయి? అన్నిటికంటే ముఖ్యం, మీరు వాడే ఉప్పుని కొత్తగా కలిపినప్పుడు ఆ నీళ్ళలో ఆల్కలినిటీ ఎంత? ఇది చాలామంది ఎప్పుడూ కొలవరు. ట్యాంకు మార్చేటప్పుడు దెబ్బ తీసేది ఎక్కువసార్లు ఇదే.

ఇంకోటి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని ఆర్వో నీళ్ళతో సున్నా దగ్గర సరిచేస్తుంటే ఆ పద్ధతి మార్చండి. 35 పీపీటీ (వెయ్యిలో 35 వంతుల ఉప్పు) క్యాలిబ్రేషన్ ద్రవంతో సరిచేయాలి. మనం చదివేది 35 దగ్గర కాబట్టి అక్కడ సరిగా ఉండాలి.

కెరటం:

ఇసుక విషయంలో పగడపుదిబ్బ గారితో నాకు సగం అంగీకారం. అడుగు ఇసుక వద్దన్నది నిజమే. కానీ పైపైన, ఒక సెంటీమీటరు లోతు వరకు, నెమ్మదిగా గరిటెతో తీసిన ఇసుక రెండు మూడు గుప్పెళ్ళు కొత్త ఇసుక మీద వేయడంలో నష్టం లేదు. బాక్టీరియా కోసం కాదు, పురుగుల కోసం. కోపిపాడ్లు, చిన్న బ్రిసిల్ పురుగులు, ఇసుకని కదుపుతుండే బుల్లి జీవాలు అన్నీ ఆ పైపొరలోనే ఉంటాయి. ఉత్త కొత్త ఇసుకతో మొదలైన ట్యాంకు చాలాకాలం నిర్జీవంగా ఉంటుంది, గోధుమరంగు డయాటమ్ పొర, ఆపైన ఇంకేవో పొరలు వదలవు. ఆ గోబీకి కూడా తిండి దొరకాలి కదా.

నేను చెప్పాలనుకున్నది ఓవర్‌ఫ్లో (ట్యాంకులోంచి నీళ్ళు సంప్‌లోకి దిగే చోటు) గురించి. ట్యాంకు ఇంకా తయారవుతోంది అన్నారు కాబట్టి ఇప్పుడే చెప్పేయండి, కిందకి దిగే పైపుకి ఒక్క రంధ్రం కాదు, రెండు పెట్టమనండి. ఒకటి పూర్తిగా నీళ్ళతో నిండి సైఫన్‌గా నడవాలి, దానికి గేట్ వాల్వ్ ఉండాలి. రెండోది కాస్త ఎత్తులో, దాదాపు పొడిగా, అత్యవసరానికి. మొదటి దాంట్లో నత్త ఇరుక్కున్నా రెండోది మొత్తం నీళ్ళని మోయగలగాలి. గేట్ వాల్వ్ అంటున్నది ఊరికే కాదు. బాల్ వాల్వ్‌ని వెంట్రుకంత తిప్పడం కుదరదు. గేట్ వాల్వ్‌ని పావు చుట్టు తిప్పి గలగల శబ్దం ఆగేచోట ఆపేయవచ్చు. నిశ్శబ్దంగా నడుస్తోందంటే పైపులోకి గాలి పోవడం లేదని అర్థం.

కరెంటు పోయినప్పుడు పై ట్యాంకు నుంచి ఎన్ని నీళ్ళు సంప్‌లోకి దిగుతాయో కూడా లెక్క వేసుకోండి. మీ కొలతలకి నీటిమట్టం 2.5 సెంటీమీటర్లు దిగితే 18 లీటర్లు. రిటర్న్ నాజిల్ (సంప్ నుంచి నీళ్ళు తిరిగి పైకి వచ్చే మూతి) నీళ్ళలో 5 సెంటీమీటర్ల లోతున ఉంటే అది గాలిలోకి తేలేదాకా వెనక్కి లాగుతుంది, అంటే 36 లీటర్లు, పైపుల్లో ఉన్నవి అదనం. సంప్‌లో అంత ఖాళీ ఎప్పుడూ ఉండాలి. నాజిల్‌ని పైకి తిప్పి పెట్టడమే అన్నిటికంటే నమ్మకమైన మార్గం. సైఫన్ తెగడానికి చేసే చిన్న రంధ్రం కొన్నాళ్ళకి నాచు పట్టి మూసుకుపోతుంది.

మొదట మంచినీళ్ళతో నింపి రెండు రోజులు వదిలేయండి. కీళ్ళు కారుతున్నాయా చూసి, పంపు ఆపి మళ్ళీ వేసి, వరద రావడం లేదని తేల్చుకున్నాకే ఉప్పు కలపండి. నీళ్ళు, గాజు, రాళ్ళు, స్టాండు అన్నీ కలిపితే బరువు అర టన్ను దాటుతుంది. నిండాక ఒక మూల కింద చెక్క పెట్టి సరిచేయడం అయ్యే పని కాదు, మట్టం ఖాళీగా ఉన్నప్పుడే చూసుకోవాలి.

నీలిరాయి:

ఇద్దరికీ చాలా థాంక్స్. రెండో రంధ్రం సంగతి చెప్పేశాను, చేస్తామన్నారు.

అంకెలు ఇవి. ఆదివారం సోడా పోయకముందు 7.0, పోశాక 9.4. ప్రతి వారం దాదాపు ఇంతే. కాల్షియం 420, మెగ్నీషియం 1320, నైట్రేట్ 2, ఫాస్ఫేట్ 0.02. రోజుకి 2 లీటర్లు ఆవిరవుతాయి. వాటిని ఆర్వోడీఐ (లవణాలన్నీ తీసేసిన) నీళ్ళతో చేత్తోనే నింపుతాను. ఉప్పు కలిపిన కొత్త నీళ్ళు ఇన్నాళ్ళూ కొలవలేదు, మీరు అడిగాక కొలిస్తే 35 పీపీటీ దగ్గర 11.0 వచ్చింది. రెండోసారి చూసినా అదే.

మాంటిపోరాని భూతద్దంతో చూశాను. ముందువైపు అంచు సన్నగా, ఒకే వెడల్పుతో ఉంది, చర్మం మెరుస్తోంది. వెనకవైపు, వేవ్‌మేకర్ దిక్కున, ఒక బెత్తెడు మేర మాత్రం వంకరగా గరుకుగా ఉంది, దాని మీద లేత ఆకుపచ్చ కూడా ఉంది. అంటే రెండూ ఉన్నట్టేనా?

పగడపుదిబ్బ:

రెండూ ఉన్నట్టే. అది పెరుగుతోంది, మధ్యమధ్యలో దెబ్బ తింటోంది. పెరుగుతోంది కాబట్టి చేతిలో ఉన్న పనే.

7.0 నుంచి 9.4 అంటే వారానికి 2.4, రోజుకి దాదాపు 0.34 డీకేహెచ్. మీ కోరల్స్ రోజూ అంతే ప్రశాంతంగా తింటున్నాయి. ఊగిసలాట అంతా ఆదివారం పోతతో వస్తోంది. నైట్రేట్ 2, ఫాస్ఫేట్ 0.02 ఉన్న నీళ్ళలో ఒక్క పూటలో 2.4 పెరగడం ఆ వెనక అంచుకి తగిలింది. ఆ వారపు మోతాదునే ఏడు భాగాలు చేసి రోజూ పోస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది. వంటసోడా లెక్క చెబుతాను, 100 లీటర్లలో 1 డీకేహెచ్ పెరగడానికి 3 గ్రాములు కావాలి. మీ 160 లీటర్లకి, రోజుకి 0.34కి, సుమారు 1.6 గ్రాములు. ఉత్త సోడియం బైకార్బోనేట్ అయి ఉండాలి, బేకింగ్ పౌడర్ కాదు. కాల్షియం విడిగా కాల్షియం క్లోరైడ్‌తో అదే నిష్పత్తిలో ఇవ్వాలి. రెండు ద్రావణాలూ ఎప్పుడూ ఒకేచోట, ఒకేసారి పోయకండి, తెల్లగా విరిగిపోతాయి.

మీ ట్యాంకుకైతే నాకు కాల్క్‌వాసర్, అంటే సున్నపు తేట, ఇంకా బాగుంటుందనిపిస్తోంది. సున్నపు తేటలో కాల్షియం, ఆల్కలినిటీ కోరల్ తినే నిష్పత్తిలోనే ఉంటాయి, కాబట్టి రెండు సీసాల పని ఉండదు. పీహెచ్ కూడా కాస్త పైకి వస్తుంది. తలుపులు మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోయే ట్యాంకులకి అది మేలు. మీకు రోజుకి కావలసింది 0.7 గ్రాముల శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్. దాన్ని ఆవిరి నింపే ఆ 2 లీటర్ల నీళ్ళలోనే కలపవచ్చు. గోడలకి వేసే సున్నం వద్దు, అందులో ఇంకేముంటుందో తెలియదు. సున్నపు తేట చిక్కగా ఉంటే దాని పీహెచ్ 12.4, కాబట్టి కళ్ళజోడు పెట్టుకుని కలపండి. గబుక్కున పోయకుండా రాత్రిపూట సన్నగా చుక్కలుగా పడనివ్వండి. సంప్ వచ్చాక ఆవిరైన నీళ్ళని తనే నింపే ఆటో టాప్‌ఆఫ్ పెట్టుకుంటారు కదా, అప్పుడు ఆ డబ్బా చిన్నదే పెట్టండి. సెన్సర్ ఇరుక్కుని డబ్బా మొత్తం ఒక్కసారి ట్యాంకులో పడినా ట్యాంకు బతికేంత చిన్నది.

పెద్ద ట్యాంకు ఆల్కలినిటీని సర్దుతుందా అన్నారు కదా. ఇవే కోరల్స్ 350 లీటర్లలో రోజుకి 0.16 మాత్రమే తగ్గిస్తాయి. కొత్తలో నిజంగానే సర్దుకున్నట్టు కనిపిస్తుంది. తర్వాత రాళ్ళ మీద ఊదారంగు కోరలైన్ నాచు పాకుతుంది, అదీ కాల్షియమే తింటుంది. మాంటిపోరా అరచేతి వెడల్పు దాటుతుంది. మీరు ఇంకో నాలుగు కొమ్మలు తెస్తారు. ఆల్కలినిటీ ఖర్చు మళ్ళీ ఇప్పటి స్థాయికి వస్తుంది, అప్పుడు పోయాల్సినది రెట్టింపు ఉంటుంది. రోజూ కొంచెం ఇచ్చే అలవాటు ఇప్పుడే పడితే అప్పుడు మోతాదు పెంచడం తప్ప చేసేదేమీ ఉండదు.

ఇప్పుడు ఆ 11.0 సంగతి. ట్యాంకు మార్చడమంటే, కోరల్ దృష్టిలో, సగానికి పైగా నీళ్ళు ఒకే రోజు మార్చడం. పాత నీళ్ళు 160, కొత్తవి 190. ట్యాంకు 8.0 దగ్గర ఉండి కొత్త నీళ్ళు 11.0 అయితే కలిశాక 9.6 అవుతుంది. అంటే ఒక్క పూటలో 1.6 పెరుగుదల, అదీ రాళ్ళు కదిలి, లైటు మారి, అన్నీ అలసిపోయి ఉన్న రోజున. నేనైతే 8 దగ్గర కలిసే ఉప్పుకి మారతాను. ఇప్పటినుంచే వారానికి పదో వంతు నీళ్ళు ఆ ఉప్పుతో మారుస్తూ ట్యాంకుని 8 దగ్గర నిలబెట్టండి. మూడు వారాలు వరసగా 7.8కీ 8.2కీ మధ్య ఉంటే అప్పుడు ముహూర్తం పెట్టుకోండి. అప్పుడు పాత నీళ్ళూ కొత్త నీళ్ళూ ఒకేలా ఉంటాయి, కోరల్‌కి చోటు మారడం తప్ప ఇంకేమీ తెలియదు.

మార్చే రోజు ఏ వరసలో చేయాలన్నది కూడా ముఖ్యమే. కొత్త నీళ్ళు ముందు రోజే కలిపి, పంపు తిప్పుతూ, 26 డిగ్రీల దగ్గర ఉంచండి. ఉప్పదనం పాత ట్యాంకుతో కచ్చితంగా సరిపోవాలి. ఇసుక కదలకముందే పైనున్న తేట నీళ్ళు సైఫన్‌తో డ్రమ్ముల్లోకి తీసుకోండి. మొదట కోరల్స్ తీయాలి. టార్చ్, హ్యామర్ నీళ్ళలో ఉండగానే వాటి మీదికి చేత్తో మెల్లగా నీళ్ళు ఆడిస్తే కండ లోపలికి ముడుచుకుంటుంది, పూర్తిగా ముడుచుకున్నాకే పైకెత్తండి. తెరుచుకుని ఉండగా లేపితే ఆ కండ బరువుకి ఎముక అంచుమీద కోసుకుంటుంది, ఆ గాయంలోంచే గోధుమ జెల్లీ రోగం మొదలవుతుంది. తర్వాత రాళ్ళు. ఒక్కో రాయిని పాత ట్యాంకు నీళ్ళున్న తొట్టిలో ముంచి గట్టిగా జాడించండి, మట్టి అంతా ఆ తొట్టిలోనే ఉండిపోతుంది. స్పాంజీలు అంటుకున్న రాళ్ళని గాలిలో ఎక్కువసేపు ఉంచకండి. చేపలు చివర్న. రాళ్ళు తీసేశాక వాటిని పట్టుకోవడం తేలిక, ముందే పట్టాలని చూస్తే చేపా మీరూ ఇద్దరూ అలసిపోతారు. రొయ్య మాత్రం ఏ రాయి రంధ్రంలోనో ఉంటుంది, ప్రతి రాయినీ తొట్టి మీద తిరగేసి చూడండి.

కెరటం గారి ఇసుక గుప్పెళ్ళకి నా అభ్యంతరం లేదు, అడుగు తగలనంత వరకు.

మార్చాక మొదటి వారం అమ్మోనియా రోజూ చూడండి, తిండి సగం వేయండి. కానీ ఫాస్ఫేట్ తీసేసే జీఎఫ్‌వో లాంటివి మొదట్లో అస్సలు వద్దు. కొత్త ఇసుక, కొత్త రాయి వాటంతట అవే ఫాస్ఫేట్‌ని పీల్చుకుంటాయి. మీది ఇప్పటికే 0.02. అది సున్నాకి పడితే డైనోఫ్లాజెలేట్లు వచ్చి ఇసుక మీద బుడగలు అంటుకున్న గోధుమ జిగురులా పరుచుకుంటాయి, వాటిని వదిలించుకోవడం నెలల పని. నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.05 దగ్గర ఉండేలా చూసుకోండి.

ఉప్పుగాలి:

ఒక జాగ్రత్త ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా. ఒక రాయినిండా జోవాంథిడ్లున్నాయన్నారు. కొన్ని జోవాంథిడ్లలో, ముఖ్యంగా పాలిథోవాల్లో, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1971లో హవాయి పాలిథోవాల్లోంచి విడదీసిన ఈ విషం, ప్రకృతిలో దొరికే అతి ప్రమాదకరమైన విషాల్లో ఒకటి. కోరల్ ప్రశాంతంగా ట్యాంకులో ఉంటే మనకేం కాదు. రాయిని గీకినప్పుడు, బ్రష్‌తో తోమినప్పుడు, వేడినీళ్ళు పోసినప్పుడు అసలు ప్రమాదం. తుంపర్లూ ఆవిరీ ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి.

కాబట్టి ఆ రాయిని తీసేటప్పుడు చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు తప్పకుండా ఉండాలి. చేతి మీద కోసుకున్న గాయం ఉంటే ఆ పని ఇంకొకరికి అప్పగించండి. ఆ రాయి కొత్త ట్యాంకులో వద్దనుకున్నా సరే, ఎట్టి పరిస్థితుల్లోనూ ఉడకబెట్టకండి, ప్రెషర్ వాషర్ పెట్టకండి. ఆ పని చేశాక నోట్లో లోహపు చేదు, జ్వరం, ఊపిరాడకపోవడం లాంటివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, కోరల్ ముట్టుకున్నామని, పాలిటాక్సిన్ అని పేరు పెట్టి చెప్పండి. చెప్పకపోతే డాక్టర్లు మామూలు ఫ్లూ అనుకునే అవకాశం ఉంది.

హీటర్లు కూడా ఇప్పుడే మార్చండి. ఒక పెద్ద హీటర్ బదులు రెండు చిన్నవి, వాటిపైన విడిగా టెంపరేచర్ కంట్రోలర్. హీటర్ పాడైతే ఎక్కువగా ఆన్‌లోనే ఇరుక్కుంటుంది. చిన్నది ఇరుక్కుంటే 350 లీటర్లని ఉడికించలేదు. ప్రతి వైరూ ప్లగ్ కంటే కిందకి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళాలి, కారిన నీళ్ళు ప్లగ్‌లోకి పోకుండా అక్కడే చుక్కగా పడిపోతాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి. కరెంటు పోతే మొదట అయిపోయేది వేడి కాదు, ఆక్సిజన్.

నీలిరాయి:

ఉప్పుగాలి గారూ, మంచి పని చేశారు. ఆ రాయిని నేను బ్రష్‌తో తోమాలనుకున్నాను, ఇక తోమను.

పగడపుదిబ్బ గారూ, ఉప్పు మారుస్తున్నాను, సోడా రోజువారీ మొదలుపెట్టాను, సున్నం తెప్పిస్తున్నాను. ఇక లైటు ఒక్కటి మిగిలింది. పాత లైటు కింద పార్ (కోరల్స్‌కి పనికొచ్చే వెలుగు కొలత) ఎంత ఉందో ఎప్పుడూ కొలవలేదు. కొత్తది 50 శాతంతో మొదలుపెడితే సరిపోతుందా? ఇంకో చిన్న కోరిక కూడా ఉంది. 120 సెంటీమీటర్లు అవుతుంది కాబట్టి యెల్లో టాంగ్ చేపని పెట్టుకోవచ్చా?

పగడపుదిబ్బ:

కొత్త లైటు 50 శాతం అంటే మీ పాత లైటుతో పోలిస్తే ఎంతో ఎవరమూ చెప్పలేం. లెన్సులు వేరు, ఎత్తు వేరు, నీటి లోతు వేరు. అందుకే నా సలహా, మొదటి నెల కొత్త లైటు పెట్టనే పెట్టకండి. పాత లైటునే కొత్త ట్యాంకు మీద పెట్టి, కోరల్స్ అన్నీ దాని కింద మధ్యలో సర్దండి. అంచులు చీకటిగా ఉంటాయి, ఉండనివ్వండి, అక్కడ ఇంకా ఏమీ లేదు. నీళ్ళు మారి, ప్రవాహం మారి, చోటు మారిన కోరల్‌కి వెలుగైనా పాతదే ఉండాలి. ఏదైనా ముడుచుకుంటే కారణం వెతకడం కూడా మీకు తేలిక. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల ముడుచుకుందో తేలదు.

నెల తర్వాత ఒక పార్ మీటర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. పాత లైటు కింద ఒక్కో కోరల్ దగ్గర ఎంత ఉందో రాసుకోండి, కొత్త లైటు తగిలించి అదే చోట అదే అంకె వచ్చేలా తగ్గించండి. అక్కణ్ణుంచి వారానికి 5 శాతం చొప్పున పెంచవచ్చు. టార్చ్, హ్యామర్‌లకి 100 నుంచి 150 చాలు, జోవాంథిడ్లకీ అంతే. మాంటిపోరా, బర్డ్స్‌నెస్ట్ 200 నుంచి 300 దాకా ఇష్టపడతాయి, వాటిని పైన పెట్టండి. కోరల్ కండలో ఉండే సూక్ష్మ శైవలాలు కొత్త వెలుగుకి సర్దుకోవడానికి వారాలు పడుతుంది. వెలుగు ఎక్కువైతే టార్చ్ మధ్యాహ్నం వేళ పొట్టిగా ముడుచుకుని సాయంత్రం తెరుచుకుంటుంది, మాంటిపోరా పైభాగం రంగు పలచబడుతుంది. అప్పుడు ఒక మెట్టు వెనక్కి తగ్గి రెండు వారాలు ఆగండి. మీటర్ దొరక్కపోతే మరీ తక్కువతో మొదలుపెట్టండి. వెలుగు తక్కువైన కోరల్ గోధుమరంగుకి తిరుగుతుంది, ఎక్కువైన కోరల్ తెల్లబడుతుంది. గోధుమరంగు మళ్ళీ మారుతుంది, తెల్లబడింది చాలాసార్లు తిరిగి రాదు.

యెల్లో టాంగ్ 20 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, రోజంతా అటూ ఇటూ ఈదుతూనే ఉంటుంది. 120 సెంటీమీటర్లు దానికి కనీసం. నా మనసులో మాట చెబుతాను, ఆ పొడవులో నేను పెంచను. టోమిని టాంగ్ చూడండి. చిన్నగా ఉంటుంది, రాళ్ళమీద పలచని నాచుపొరని పెదవులతో గీకి తింటుంది, ఆ పనికి మీ కొత్త ట్యాంకులో కొదవ ఉండదు. ఏదైనా సరే, రాళ్ళమీద మేత పెరిగాకే, అన్ని చేపల కంటే చివర్న తేవాలి. ముందు విడి ట్యాంకులో క్వారంటైన్ చేయాలి. టాంగ్‌లకి తెల్లచుక్కల రోగం ఇట్టే పట్టుకుంటుంది. రీఫ్‌లో రాగి మందు వేయలేం, రొయ్యా కోరల్సూ చచ్చిపోతాయి. ఒకసారి రోగం ట్యాంకులోకి వస్తే చేపలన్నిటినీ బయట పెట్టి 76 రోజులు ఖాళీగా ఉంచడమే చాలామంది పాటించే మార్గం. ఆ ఇరుకు ఎందుకు?

సోడా రోజూ పోయడం మొదలుపెట్టానన్నారు కాబట్టి ఈ వారం ఆల్కలినిటీ ప్రతిరోజూ, లైట్లు వెలగకముందు, ఒకే వేళకి కొలిచి ఇక్కడ పెట్టండి. 0.34 అన్నది వారం సగటు. మీ మాంటిపోరా ఊపందుకుంటే అది పెరుగుతుంది. ఆ ఏడు అంకెలూ చూశాక సున్నం 0.7 గ్రాములతోనే మొదలుపెట్టాలో ఇంకాస్త కలపాలో చెబుతాను.